చుక్క రాలే చోటు వేరు, పుట్టే చోటు వేరు

ప్రశ్న: అయ్యా, నేను ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. మేడ మీది స్నానాల గదిలో పాత వాష్ బేసిన్ పగిలితే రెండు నెలల క్రితం కొత్తది పెట్టించాం. గోడకు తగిలించే తెల్ల పింగాణీ బేసిన్, కింద వాడిన నీరు దిగే మెరిసే గిన్నె, అదే బాటిల్ ట్రాప్. పెట్టిన సాయంత్రమే కింద నీటి చుక్కలు కనిపించాయి. ప్లంబరు వచ్చి నట్టు బిగించాడు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ కారింది. మళ్ళీ వచ్చి ఇంకా గట్టిగా బిగించాడు. మూడోసారి చుట్టూ ఎం-సీల్ పూసి, ఇక జన్మలో కారదన్నాడు. వారం తిరక్కుండానే కారింది. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. కొళాయి సన్నగా వదిలి చేతులు కడుక్కుంటే ఏమీ ఉండదు. నేను గడ్డం గీసుకోవడానికి బేసిన్ నిండుగా పట్టి వదిలితే మాత్రం కారుతుంది. కొళాయి కట్టేశాక కూడా పది నిమిషాల దాకా చుక్క చుక్కగా పడుతూనే ఉంటుంది. చుక్క రాలేది ట్రాప్ అడుగు నుంచి కాబట్టి ట్రాప్ మార్చమంటున్నారు దుకాణంలో. మార్చమంటారా? వచ్చే నెల మా అమ్మాయి పురిటికి వస్తోంది. తడి నేల మీద ఎక్కడ కాలు జారుతుందోనని మా ఇంట్లో ఆవిడకు ఒకటే దిగులు.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మాస్టారూ, నమస్కారం. ట్రాప్ మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి. జబ్బు ఎక్కడుందో మీ ఉత్తరంలో మీరే రాశారు. మీ ప్లంబరు ఆ రెండు వాక్యాలు వినిపించుకుని ఉంటే మూడుసార్లు తిరిగే పని ఉండేది కాదు.

సన్నగా వదిలితే కారదు, నిండుగా పట్టి వదిలితే కారుతుంది అన్నారు. బాటిల్ ట్రాప్ గిన్నెలో ఎప్పుడూ కొంత నీరు నిలిచే ఉంటుంది. మురుగు గొట్టంలోని వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీరే. అడుగు గిన్నె దగ్గరి రబ్బరు పోయి ఉంటే రాత్రంతా ఎవరూ కొళాయి ముట్టకపోయినా కారాలి. తెల్లారేసరికి గిన్నె ఖాళీ అయి గదిలో వాసన మొదలవ్వాలి. మీకు అలాంటిదేమీ లేదు. కాబట్టి చుక్క ట్రాప్ అడుగున రాలుతున్నా, అది పుట్టింది అక్కడ కాదు. పైన ఎక్కడో పుట్టి, నున్నటి గొట్టం వెంబడి కనపడకుండా జారి, ఇక దిగడానికి చోటు లేక గిన్నె కొసన వేలాడుతోంది. వాన నీరు కారే ఇంట్లో కూడా అంతే కదా. పెంకు పగిలింది ఒకచోట, దూలం వెంట వచ్చి బొట్టు పడేది మరొకచోట.

పది నిమిషాల దాకా ఆగదన్న మాట ఇంకా విలువైనది. మీ బేసిన్‌కు లోపలి పక్కన, అంచుకు కాస్త కింద ఒక రంధ్రం ఉండి ఉంటుంది. నీరు మరీ నిండితే నేల మీదికి పొర్లకుండా ఆ రంధ్రంలోంచి పింగాణీ లోపలి దారిలో దిగి, అడుగున నీరు బయటికి దిగే పొట్టి గొట్టంలో, అంటే వేస్ట్ కప్లింగ్‌లో కలుస్తుంది. మీరు నిండుగా పట్టినప్పుడు నీరు ఆ దారిలోకి కూడా వెళ్తోంది. బేసిన్ ఖాళీ అయ్యాక ఆ సందులో మిగిలిన నీరు నింపాదిగా దిగుతూ, కప్లింగ్ చుట్టూ ఉన్న చిన్న ఖాళీలో చేరి, అక్కడి నుంచి బయటికి దారి వెతుక్కుంటోంది. మీ పది నిమిషాల చుక్కలు అవే.

ఆ దారి ఎక్కడుందో తెలియాలంటే కప్లింగ్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. పైన బేసిన్ లోపల కనిపించే మెరిసే బిళ్ళ, దాని కింద గొట్టం, గొట్టానికి బయట మర, అంటే నట్టు ఎక్కే చుట్ల గాడి. పొర్లు రంధ్రం ఉన్న బేసిన్లకు వేసే కప్లింగ్ గొట్టానికి పక్కల కన్నాలుంటాయి. పింగాణీ లోపలి దారిలోంచి వచ్చిన నీరు ఆ కన్నాల గుండా లోపలికి దిగాలి. లోపల నీరు ఉధృతంగా పోతున్నప్పుడు అదే కన్నాలలోంచి కొంత బయటికీ చిమ్ముతుంది. ఎలా చూసినా కప్లింగ్‌కు, పింగాణీకి మధ్య నీరు చేరడం సహజమే. అందులో తప్పేమీ లేదు. ఆ నీటిని కిందికి జారనివ్వకుండా ఆపాల్సింది బేసిన్ అడుగున ఉండే రబ్బరు వాషరు. దాన్ని పైకి నొక్కి పట్టేది నట్టు.

అందరూ పొరపడేది ఇక్కడే. నట్టు బిగిస్తే రబ్బరు పింగాణీకి అదుముకుంటుంది, నిజమే. కానీ రబ్బరు లోపలి అంచు ఆనుకునేది నున్నటి గొట్టానికి కాదు, మరకు. 32 మిల్లీమీటర్ల కప్లింగ్ (ఆ కొలత లోపలిది, బయట మర అంతకంటే లావు) మరకు అంగుళానికి 11 చుట్లుంటాయి. ఒక్కో చుట్టు పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. సెంటీమీటరు మందం రబ్బరు నాలుగు చుట్లకు పైగా కప్పుతుంది. లెక్క కట్టండి, మీకు లెక్కలు నేను చెప్పనక్కర్లేదు. రబ్బరు కింద అర మీటరుకు పైగా పొడవున్న సన్నటి మెలికల మెట్లదారి దొరుకుతుంది నీటికి. ఆ మెట్ల మీదుగా తిరిగి తిరిగి దిగి, నట్టు కింద ప్రత్యక్షమవుతుంది. నట్టు ఎంత బిగించినా రబ్బరు ఆ పల్లాలలోకి పూర్తిగా దిగదు. కొత్తగా బిగించినప్పుడు రెండు రోజులు ఆగి, మళ్ళీ మొదలయ్యేది అందుకే. ఆ మెట్లను పూడ్చాలి. అందుకు టెఫ్లాన్ టేపు ఉంది. పాతకాలం మేస్త్రీలు నూలుదారానికి తెల్లరంగు పూసి చుట్టేవారు, అదీ ఇందుకే.

బయట పూసిన ఎం-సీల్ ఎందుకు ఆగలేదంటారా? తప్పు మందుది కాదు, పూసిన చోటుది. అది పొడిగా, గరుకుగా ఉన్న చోట పట్టుకుంటుంది. తడి ఆరని, మెరుగు పెట్టిన గొట్టం మీద పూస్తే పెంకులా నిలబడుతుంది గాని అంటుకోదు. వెనకాల నీరు చేరగానే పెంకు కింది నుంచి దారి చేసుకుంటుంది.

ఇదంతా మీ ఉత్తరం చదివి నేను చెబుతున్నది. విప్పే ముందు ఒక పూట పరీక్ష చేయండి. మోకాళ్ళ నొప్పులుంటే పక్కింటి కుర్రాడినెవరినైనా కింద కూర్చోబెట్టండి.

ముందు రెండు గంటలు బేసిన్ ఎవరూ వాడకుండా చూడండి. కప్లింగ్, ట్రాప్, గోడ దగ్గరి గొట్టం, కొళాయికి నీరు తెచ్చే కనెక్షన్ పైపు, గోడ దగ్గర ఆ పైపుకు నీరు కట్టేసే యాంగిల్ కాక్ అన్నిటినీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో జాయింటు చుట్టూ తెల్ల టిష్యూ కాగితం ముక్క చుట్టండి. గంట తర్వాత చూడండి. ఎవరూ వాడకుండానే కనెక్షన్ పైపు దగ్గరి కాగితం తడిస్తే మనం ఇంతసేపూ తప్పు నిందితుణ్ణి పట్టుకున్నట్టే. అది మురుగు నీరు కాదు, ట్యాంకు నీరు. యాంగిల్ కాక్ దగ్గరి చిన్న వాషరు మారిస్తే సరిపోతుంది. వినడానికి హాస్యంగా ఉంటుంది గాని, ట్రాపులు మార్చి మార్చి విసిగిపోయిన ఇళ్ళలో అసలు కారేది ఇదే కావడం నేను చాలాసార్లు చూశాను.

అక్కడ పొడిగా ఉంటే బేసిన్ మూతి మూసి, పొర్లు రంధ్రానికి రెండు వేళ్ళ కింది దాకా నీరు పట్టండి. జాలీ ఉన్న కప్లింగ్ అయితే ప్లాస్టిక్ సంచిలో తడిగుడ్డ ముద్ద పెట్టి అదిమితే చాలు. నీటిలో బట్టలకు వేసే నీలి మందు నాలుగు చుక్కలు కలపండి. తెల్ల కాగితం మీద నీలం మరక పడితే కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. మూతి మూసి ఉండగానే నీటి మట్టం తగ్గుతుంటే పై బిళ్ళ కింద సీలు లేదన్నమాట, లేదా మూతి సరిగా పడలేదన్నమాట. తర్వాత ఇంకాస్త నీరు పట్టి పొర్లు రంధ్రంలోకి పోనివ్వండి. నా అంచనా నిజమైతే, నట్టు కింద చుట్టిన కాగితం మీద నీలం కనిపించేది ఈ ఘట్టంలోనే. ఆఖరున మూతి తీసి ఒక్కసారిగా వదలండి. అప్పటిదాకా పొడిగా ఉండి ఇప్పుడు ట్రాప్ నట్ల దగ్గరో, గోడ దగ్గరో తడిస్తే సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

నీలి మందు వల్ల ఇంకో లాభం ఉంది. బేసిన్ అడుగున కప్లింగ్ రంధ్రం నుంచి వెంట్రుకలా నీలం గీత ఒకటి పక్కకు పాకితే పింగాణీయే చిట్లిందని అర్థం. అలా అయితే ఏ టేపూ, ఏ ముద్దా పనిచేయదు, బేసిన్ మార్చాల్సిందే. రెండుసార్లు బలంగా బిగించారన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. మా అక్కయ్య వాళ్ళ గృహప్రవేశం ముందు రోజు రాత్రి, పెద్ద పనిమంతుణ్ణని పద్నాలుగు అంగుళాల పైపు రెంచి పట్టుకుని నట్టుకు ఇంకొక్క చుట్టు ఇచ్చాను. టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది, గాజు గాజుకు తగిలినట్టు. పొద్దున్నే పాలు పొంగించేవేళకు కొత్త బేసిన్ కింద బకెట్టు పెట్టాం. అక్కయ్య ఇప్పటికీ నా చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వదు.

ఇక పని. దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత కప్లింగ్ విప్పి చేత్తో పట్టుకెళ్ళండి, మాటలతో వివరించకండి. మీ బేసిన్‌కు పొర్లు రంధ్రం ఉంటే కన్నాలున్న కప్లింగే కావాలి. కన్నాలు లేనిది వేస్తే పింగాణీ దారిలో దిగిన నీటికి లోపలికి దారి ఉండదు, అది బయటికే వస్తుంది. ఒకవేళ మీ ప్లంబరు వేసింది అలాంటిదే అయితే ఇంతవరకూ నేను రాసిన మరల పురాణమంతా పక్కన పెట్టి ముందు కప్లింగ్ మార్చండి. మర కూడా చూడండి. కొన్నిటికి సగం దాకానే మర ఉంటుంది, కొన్నిటికి నిలువునా ఉంటుంది. గాజు, స్టీలు లాంటి పలచటి బేసిన్‌కు సగం మర కప్లింగ్ వేస్తే నట్టు పైదాకా ఎక్కకముందే మర అయిపోతుంది. బిగిసినట్టే చేతికి తెలుస్తుంది గాని రబ్బరు అదుముకోదు. మీది మందపాటి పింగాణీ కాబట్టి ఆ బెడద తక్కువే. కప్లింగ్ బాగానే ఉంటే కొత్త రబ్బర్లు, ఒక టెఫ్లాన్ చుట్ట, చిన్న సిలికాన్ ట్యూబు చాలు.

విప్పేటప్పుడు ట్రాప్ కింద బకెట్టు పెట్టండి, గిన్నెలో నీరుంటుంది. యాంగిల్ కాక్ కట్టేయండి. పైపు విప్పి ఉందని మరిచి ఎవరో ఒకరు వచ్చి కొళాయి తిప్పడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. నట్టు తిప్పుతుంటే కప్లింగ్ కూడా దానితోపాటు తిరుగుతుంది. పైన జాలీ రంధ్రాలలో శ్రావణం కొసలు దూర్చి ఒకరు పట్టుకుంటే కింద ఒకరు విప్పవచ్చు. ఎండిన ఎం-సీల్‌ను పింగాణీ మీద సుత్తితో కొట్టకండి. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టి, పెచ్చులుగా ఊడబెరకండి.

అంతా ఊడాక బేసిన్ అడుగున రంధ్రం చుట్టూ వేలితో తడిమి చూడండి. పైన అద్దంలా ఉండే పింగాణీకి అడుగున మెరుగు ఉండదు, గరుకుగా, అక్కడక్కడ బుడిపెలుగా ఉంటుంది. పాత వైట్ సిమెంటు, సిలికాన్ తాలూకు తుక్కు గీకేసి, గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరడం అంటే ఆరడమే. సిలికాన్‌కు తడి మీద పట్టుండదు.

మొదట పై బిళ్ళ కింద సన్నటి వలయంలా సిలికాన్ పెట్టి కప్లింగ్‌ను పైనుంచి రంధ్రంలో దించండి. వైట్ సిమెంటు వద్దు. అది రాయిలా గట్టిపడుతుంది, మనిషి బేసిన్ మీద చేయి ఆనించిన ప్రతిసారీ కొంచెం కదిలి సన్నగా పగులుతుంది. ఆ తర్వాత కింద నుంచి, రబ్బరు కూర్చునే మేర మరకు టెఫ్లాన్ టేపు ఎనిమిది పది చుట్లు చుట్టండి. మర కొసను మీ వైపు పెట్టుకుని చూస్తే గడియారం ముళ్ళు తిరిగే దిక్కుకు చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే నట్టు ఎక్కుతూ ఎక్కుతూ టేపును ఊడదీసుకుపోతుంది. పక్క కన్నాలను మాత్రం టేపుతో మూసేయకండి.

ఇప్పుడు రబ్బరు. ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా ఉన్న రబ్బరైతే సన్నటి పక్క పైకి, రంధ్రంలోకి పోవాలి. దాని పై ముఖానికి కొంచెం సిలికాన్ రాయండి. రబ్బరు కింద పలచటి ప్లాస్టిక్ వాషరు, దాని కింద నట్టు. ఈ ప్లాస్టిక్ బిళ్ళను చాలామంది పనికిరానిదని పారేస్తారు. అది లేకపోతే నట్టు తిరిగేటప్పుడు రబ్బరును కూడా పట్టుకుని మెలితిప్పుతుంది, రబ్బరు ముడత పడుతుంది, ఆ ముడతలోంచి మళ్ళీ నీరు. ప్లాస్టిక్‌ను రబ్బరుకు పైన, పింగాణీకి ఆనించి పెట్టినవాళ్ళనూ చూశాను. గట్టి ప్లాస్టిక్ గరుకు పింగాణీ మీద ఎక్కడ అతుకుతుంది?

నట్టును చేత్తో బిగిసేదాకా తిప్పి, తర్వాత రెంచితో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతే. రబ్బరు అంచులు కాస్త ఉబ్బితే చాలు, బయటికి పొంగుకు రాకూడదు. మా అక్కయ్య బేసిన్‌ను గుర్తు చేసుకోండి.

ట్రాప్ తిరిగి పెట్టేటప్పుడు ఒక తేడా గమనించండి. కప్లింగ్ కింది కొసకు ట్రాప్ పై నట్టు ఎక్కేచోట లోపల రబ్బరు వాషరు ఉంటే నీటిని ఆపేది అదే, టేపు కాదు. జారే గొట్టం మీద నట్టు, రబ్బరు ఉండే జాయింట్లన్నిటికీ అంతే. అక్కడ టేపు దట్టిస్తే నట్టు చివరిదాకా ఎక్కక అసలుకే మోసం వస్తుంది. టేపు ఎక్కువైతే మంచిదే కదా అనే ప్లంబర్లకు ఈ మాట నచ్చదు.

ఇంకొక అనుమానం కూడా ఉంది. పాత బేసిన్ లోతు వేరు, కొత్తదాని లోతు వేరు. గోడలో మురుగు గొట్టం మూతి మాత్రం పాత ఎత్తులోనే ఉంది. ఆ రెండూ కలవక ప్లంబరు ట్రాప్‌ను పక్కకు వంచి, లాగి కట్టి ఉంటే జాయింట్లలో రబ్బరు ఒక పక్క నలిగి, ఇంకో పక్క తెరుచుకుంటుంది. ఎదురుగా నిలబడి చూడండి, ట్రాప్ నిట్టనిలువుగా ఉందా? దాని పై గొట్టం కొంత కిందికీ పైకీ జరుగుతుంది. ఎత్తు అలా సరిచేసుకోవాలి, అదీ చాలకపోతే గొట్టం కాస్త కోయాలి. గోడకు వెళ్ళే అడ్డ గొట్టం గోడ వైపు ఇంచుక వాలుగా ఉండాలి, లోపలికి తగినంత దూరం దూరి ఉండాలి. గోడలోని గొట్టం లావు, ఇది సన్నం. మధ్య సందుకు రబ్బరు రింగు గాని, సిలికాన్ గాని కావాలి. పైన కనిపించే మెరిసే పళ్ళెం అందానికే, అది నీటిని ఆపదు. మీది మేడ మీది గది కాబట్టి కింది గది పైకప్పు మీద ఆ మూల చెమ్మ మరక ఉందేమో కూడా ఒకసారి చూడండి. ఉంటే గోడ జాయింటును వదిలేయకండి.

మీ ప్లంబరును మళ్ళీ పిలవండి. ఒకసారి ఇచ్చిన కూలికి నాలుగోసారి రమ్మంటే ఎవరైనా ఫోను ఎత్తరు. ఈసారి కూలి విడిగా ఇస్తానని, కప్లింగ్ విప్పి మరకు టేపు చుట్టి కొత్త రబ్బరు వేసే పని ఇదని ముందే చెప్పండి. బేసిన్ కింద వంగి నట్టు తిప్పే పని మీరు నెత్తిన వేసుకోకండి. నీలి మందు పరీక్ష మాత్రం ఆయన రాకముందే చేసి, తడిసిన కాగితం ఆయన చేతిలో పెట్టండి.

పని అయ్యాక 24 గంటలు బేసిన్ వాడకండి, సిలికాన్ గట్టిపడాలి. పురిటికి వచ్చే అమ్మాయికి ఇంకా నెల ఉంది, తొందర లేదు. మర్నాడు నింపి, పొర్లించి, వదిలి చూడండి. తర్వాత వారం పాటు కింద పాత వార్తాపత్రిక పరచండి. రాత్రి పడ్డ చుక్క తెల్లారేసరికి నేల మీద ఆరిపోయి కనపడదు గాని, కాగితం మీద ఉబ్బిన మరక ఆరినా పోదు.